నానబోయడం వేరు, నాన్చడం వేరు

మినపగుళ్ళు నాలుగు గంటలు నానితే చాలు. ఎండాకాలంలో మూడున్నర గంటలకే తీసేస్తాం. చలికాలం ఐదు. అది దాటి ఏడో ఎనిమిదో గంటలు ఉంచారంటే పప్పు ఉత్తినే మెత్తబడుతుంది, రుబ్బితే నురగ సరిగ్గా రాదు, పిండి అంతగా పొంగదు, నీళ్ళు అదో రకం వాసన వేస్తాయి. ఇది నాకు పెళ్ళికి ముందే తెలుసు, మా అమ్మ నేర్పింది. వ్యాపారంలో ఒక నిర్ణయాన్ని ఎంతసేపు నానబోయాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. ఒక గ్రైండర్ కొనాలా వద్దా అన్న ప్రశ్నని నేను ఎనిమిది నెలలు నానబెట్టాను. మన భాషలో దానికి మాట ఎప్పటినుంచో ఉంది. నాన్చడం.

మాది విజయవాడ, పటమట. 2018 నుంచి ఇడ్లీ పిండి, దోసె పిండి తయారుచేసి షాపులకి వేస్తున్నాం. మొదట మా అపార్ట్‌మెంట్‌లో వాళ్ళకి, తర్వాత పక్క వీధి కిరాణా షాపుకి, ఇప్పుడు 23 షాపులకి. మామూలు రోజున 110 కిలోలు, ఆదివారానికి 160 దాకా వెళ్తుంది. నేను, మా ఆయన, రుబ్బడానికి ఇద్దరు ఆడవాళ్ళు, ప్యాకింగ్‌కి ఒక అమ్మాయి, ఆటో నడిపే అతను. ఇదే మా కంపెనీ. ఇంత చిన్నది కాబట్టే గోల ఎక్కువ. పెద్దవాళ్ళకి మీటింగులుంటాయి, మేనేజర్లుంటారు. మనకున్నది రాత్రి మంచం మీద వెల్లకిలా పడుకుని ఫ్యాన్ వంక చూడటం.

కొత్తగా పచ్చళ్ళో, బ్లౌజు కుట్టడమో, కేకులో మొదలుపెట్టిన ఆడపిల్లలు అప్పుడప్పుడు వచ్చి, "ఆంటీ, ఆలోచనలు ఎక్కువైపోతున్నాయి, అడుగు ముందుకు పడట్లేదు" అంటుంటారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ధైర్యం తెచ్చుకోండి అని చెప్పను. అది నా దగ్గరే లేదు. ఒక పొడుగు పుస్తకం, నాలుగు లెక్కలు ఉన్నాయి. వాటితోనే నెట్టుకొస్తున్నాను.

ముందు, ఊరికే కూర్చున్నందుకు ఎంత అవుతోందో లెక్కేయండి

2019లో మా ఇంట్లో ఉన్నది 2 లీటర్ల టేబుల్‌టాప్ గ్రైండర్. రోజుకి నాలుగు వాయిలు వేసినా 15 కిలోల పిండి దాటేది కాదు. షాపులు 25 అడిగేవి. 10 లీటర్ల టిల్టింగ్ గ్రైండర్, అంటే వంచి పిండి తీసేది, 28 వేలు చెప్పారు. కొంటే అమ్ముడుపోతుందా? మోటారు కాలిపోతే? కింద ఫ్లాటువాళ్ళు చప్పుడని గొడవ చేస్తే? రేపు ఇంకో పిండి కంపెనీ వచ్చి మన షాపులు లాక్కుంటే?

ఆ ఎనిమిది నెలల్లో గ్రైండర్ల గురించి నాకు తెలియని సంగతి లేదు. కోయంబత్తూరు గ్రైండర్లకి జీఐ, అంటే ఆ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, ఉందని తెలుసు. శంకువు ఆకారం రాయికీ, రోలర్‌లా గుండ్రటి రాయికీ తేడా తెలుసు. రుబ్బేటప్పుడు పిండి వేడెక్కకుండా చల్లటి నీళ్ళు ఎప్పుడెప్పుడు పోయాలో చూపించే వీడియోలు ఎన్ని చూశానో లెక్కలేదు. గ్రైండర్ ఒక్కటే లేదు.

చివరికి ఒకరోజు మా ఆయన చిత్తు కాగితం మీద లెక్కేశారు. రోజూ వదులుకుంటున్నది 10 కిలోలు. కిలోకి మాకు అప్పట్లో మిగిలేది 15 రూపాయలు. రోజుకి 150. నెలకి 26 రోజులు వేసుకుంటే 3,900. ఎనిమిది నెలలకి 31,200. అంటే 28 వేల గ్రైండర్ కొనకుండా ఉండటానికి 31,200 ఖర్చుపెట్టాను. పైగా ఇంట్లో గ్రైండర్ కూడా లేదు.

అందుకే మీ బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఏదైనా సరే, దాని పక్కన ముందు ఒక్క అంకె రాయండి. "ఇది తేల్చకపోవడం వల్ల నెలకి నాకు పోతున్నది ఎంత?" సుమారుగా చాలు, పైసలతో సహా అక్కర్లేదు.

ఒక్కోసారి ఆ అంకె సున్నా వస్తుంది. మా ప్యాకెట్ మీద బొమ్మ మార్చాలా అని నేను రెండేళ్ళుగా అనుకుంటున్నాను. మార్చకపోతే పోయేది ఏమీ లేదు. అలాంటివాటిని నాననివ్వండి, తప్పులేదు. కుళ్ళవు. అసలు చిక్కేమిటంటే, సున్నా అంకె ఉన్నవాటి గురించి ఆలోచించడం సుఖంగా ఉంటుంది. అందుకని మనం వాటినే పట్టుకు వేలాడతాం. బోర్డు రంగు గురించి మూడు గంటలు మాట్లాడతాం, బాకీ వసూలు గురించి మూడు నిమిషాలు కూడా మాట్లాడం.

పుస్తకం

పొడుగు పుస్తకం, బౌండ్ చేసినది, పచారీ షాపువాళ్ళు ఖాతా రాసుకునేది. ఫోన్‌లో వద్దు. ఫోన్ తెరిస్తే వాట్సాప్ కనపడుతుంది, అక్కడితో అయిపోతుంది.

అందులో ఒక విషయానికి ఒక పేజీ. రాసే వాక్యం ఎలా ఉండాలన్నది ముఖ్యం. "గ్రైండర్ సంగతి" అని రాస్తే అది దిగులు. "గ్రైండర్ కొనాలా వద్దా" అని రాస్తే అది ప్రశ్న. "శుక్రవారం మధ్యాహ్నం గవర్నర్‌పేట వెళ్ళి రెండు షాపుల్లో రేటు అడగాలి" అని రాస్తే అది పని. వాక్యం చివర మీరు చేయగలిగిన పని ఉండాలి, అందులో వారం పేరు ఉండాలి. అలా రాయలేకపోతున్నారంటే మీకు ఆ విషయం ఇంకా సరిగ్గా తెలియదన్నమాట. అప్పుడు మొదటి పని ఎవరినో అడగడం అవుతుంది. దాన్నే రాయండి.

పేజీ పైన రెండు తేదీలు వేస్తాను, మా పిండి ప్యాకెట్ మీద వేసినట్టే. ఎడమవైపు తయారైన తేదీ, అంటే ఆ ఆలోచన వచ్చిన రోజు. కుడివైపు గడువు తేదీ. ఈ రెండో తేదీ వేయడం 2024 సెప్టెంబర్ తర్వాత మొదలుపెట్టాను.

ఆ సెప్టెంబర్ 1 ఆదివారం. శనివారం రాత్రంతా వాన. మేం మాత్రం మామూలుగానే ఆదివారానికని 160 కిలోలు రుబ్బి, తెల్లవారుజామున ప్యాక్ చేసి ఆటో ఎక్కించాం. ఆరు దాటాక ఆటో అతను ఫోన్ చేశాడు. "అమ్మా, సింగ్ నగర్ ఫ్లైఓవర్ దిగితే అంతా నీళ్ళే. షాపులు కనపడట్లేదు." బుడమేరు వాగు పొంగింది. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, ఆ వైపంతా మునిగిపోయింది. మా పటమట వైపు నీళ్ళు రాలేదు. ఆటోలో అటువైపు షాపులకి వెళ్ళాల్సిన పిండి 45 కిలోలు.

పది నిమిషాల్లో తేలిపోయింది. మా వీధిలో టిఫిన్ సెంటర్ నడిపే ఆవిడకి ఫోన్ చేశాను. వాళ్ళ ఇడ్లీ పాత్రలు, మా పిండి. ఉడికినవి ఉడికినట్టు అదే ఆటోలో ఫ్లైఓవర్ దగ్గరికి పంపాం, అక్కడ లోపలికి భోజనాలు మోసుకెళ్ళే కుర్రాళ్ళు తీసుకున్నారు. ఆ రోజు నేను ఎవరి సలహా అడగలేదు, వీడియో చూడలేదు. ఇంట్లో 45 కిలోలు ఊరికే ఇవ్వాలంటే మామూలు రోజుల్లో నేను ఎంత నానుస్తానో మా ఆయనకి తెలుసు. తర్వాత ఆయనే అన్నారు, "పిండి మీద తేదీ ఉంది కాబట్టి నీకు తెలివి వచ్చింది" అని. ఎగతాళికే అన్నారు గానీ నిజం. సాయంత్రానికి పులిసిపోయేదాని గురించి ఎవరూ వారం రోజులు ఆలోచించరు. మిగతా నిర్ణయాలు కూడా పులుస్తాయి, కాకపోతే కవరు ఉబ్బదు కాబట్టి కనపడదు.

గడువు ఎంత వేయాలంటారా? అది కింద చెప్తాను. ప్రతి సోమవారం పదకొండింటికి, షాపుల లెక్కలు అయ్యాక, ఆ పుస్తకం తీస్తాను. మూడు సోమవారాలు దాటిన పేజీ ఏదైనా ఉంటే రెండే దారులు. ఆరోజే చేయడం, లేదా అడ్డంగా గీత కొట్టేయడం. గీత కొట్టడం ఓడిపోవడం కాదు. చేయదలచుకోలేదని ఒప్పుకోవడం. గీత కొట్టిన రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది, చాలాసార్లు.

పారబోత లెక్క

ఒక నిర్ణయం తప్పైతే ఎంత నష్టం అని అడిగితే మనసు ఊరుకోదు, "అంతా పోతుంది" అంటుంది. అందుకని నేను రూపాయల్లో అడగను. ఎన్ని కిలోల పిండి పారబోసినట్టు అని అడుగుతాను. కిలో పిండికి నాకయ్యే ఖర్చు 42 రూపాయలు. పిండి పారబోయడం నాకు అలవాటే. కరెంటు పోయి పారబోశాం, ఎండకి పులిసి పారబోశాం. ఒకరోజు పిండి మొత్తం పారబోసినా మర్నాడు మళ్ళీ రుబ్బాం, బతికే ఉన్నాం. మీరు బట్టలు కుడితే జాకెట్లలో లెక్కేయండి, కేకులు చేస్తే కేకుల్లో. మీకు చేతికి తెలిసిన కొలత ఉండాలి.

తప్పైతే పోయేది ఒకరోజు పిండికి లోపు అయితే, నాకు సుమారు 4,600, గడువు ఆ రోజు రాత్రే. వారం పిండికి లోపు అయితే వారం. అంతకు మించితే దాని సంగతి వేరు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. గ్రైండర్ తప్పైతే పోయేది 28 వేలు అనుకున్నాను. కాదు. వాడిన గ్రైండర్‌ని ఎవరైనా 16 వేలకి కొంటారు. పోయేది 12 వేలు. పెట్టేది వేరు, పోయేది వేరు. ఈ రెంటినీ విడదీస్తే సగం భయం అక్కడే పోతుంది.

పోయేది మరీ ఎక్కువగా కనిపిస్తే పనిని కోసి చిన్నది చేయాలి. పెసరట్టు పిండి వేయాలా అని ఏడాది ఆలోచించాను. పెసరపిండి పులియబెట్టేది కాదు, ఉదయం పచ్చగా ఉన్నది సాయంత్రానికి నల్లబడుతుంది. 20 షాపులకి వేసి అన్నీ తిరిగొస్తే? చివరికి ఒక్క షాపు, అరకిలో ప్యాకెట్లు రోజుకి ఆరు, ఒక్క వారం. అన్నీ పారబోసినా 21 కిలోలు. వేశాను. 42 ప్యాకెట్లలో 17 తిరిగొచ్చాయి. సుమారు 500 రూపాయలు పోయాయి. కానీ ఆదివారం వేసిన ఆరూ ఎనిమిదింటికే అయిపోయాయని షాపతను చెప్పాడు. ఇప్పుడు పెసరపిండి ఆదివారం మాత్రమే, శనివారం సాయంత్రం ఏడులోపు వాట్సాప్‌లో చెప్పినవాళ్ళకే. ఏడాదంతా మంచం మీద ఆలోచించినా నాకు ఈ "ఆదివారం మాత్రమే" అన్నది తట్టేది కాదు. అది షాపులో దొరికే సమాధానం.

ఎవరి మొహం?

నిజం చెప్పాలంటే ఈ మొత్తంలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే. లెక్కలన్నీ వేశాక కూడా పని కదలకపోతే, పేజీ కింద ఒక ప్రశ్న రాసుకుంటాను: ఈ పని చేస్తే నేను ఎవరి మొహం చూడాల్సి వస్తుంది?

2023లో మినపగుళ్ళ రేటు పెరిగింది. షాపులకి కిలో 50కి వేస్తున్నాం, 54 చేయాలి. ఐదు నెలలు చేయలేదు. పుస్తకంలో కారణాలు రెండు పేజీలు నిండాయి. పోటీవాళ్ళు పెంచలేదు. దసరా ముందు పెంచకూడదు. దసరా అయ్యాక పెంచితే బాగుండదు. కార్తీకమాసంలో ఉపవాసాలకి ఇడ్లీ ఎక్కువ పోతుంది, అప్పుడు చెడగొట్టుకోకూడదు. చూడండి ఎంత తెలివైన కారణాలో. వ్యాపారం చేసేవాళ్ళకి ఇదే శాపం, కారణాలు వెతకడంలో మనకి సాటి లేరు.

ఒకరోజు ఆ ప్రశ్న రాసుకున్నాను. జవాబు అప్పటి మా 19 షాపులు కాదు, ఒక్క షాపు. 2018లో మా ప్యాకెట్లని మొట్టమొదట తన ఫ్రిజ్‌లో పెట్టుకున్న పెద్దాయన. నేను బాబాయిగారూ అంటాను, ఆయన అమ్మాయ్ అంటారు. "నువ్వు కూడానా అమ్మాయ్" అంటారేమోనని నా భయం. మార్కెట్టూ లేదు, పోటీ లేదు, కార్తీకమాసమూ లేదు.

అది తెలిశాక చేయాల్సింది ఆలోచించడం కాదు, వెళ్ళడం. ఎలా వెళ్ళాలో చెప్తాను, ఇది మీకూ పనికొస్తుంది. జనం లేని వేళ చూసుకోవాలి. కిరాణా షాపుకైతే మధ్యాహ్నం మూడు. చెప్పాల్సింది రెండు వాక్యాలు కాగితం మీద రాసి, ఇంట్లో గట్టిగా పైకి చదవాలి. నావి ఇవి: "బాబాయిగారూ, ఒకటో తారీఖు నుంచి కిలో 54 అండి. మినపగుళ్ళు పెరిగాయి." తర్వాత నోరు మూసుకోవాలి. ఇదే కష్టం. మౌనం భరించలేక మనమే "పోనీ 52 చేద్దాం లెండి" అనేస్తాం. అవతలివాళ్ళు అడక్కముందే తగ్గించుకునేది మనమే.

వెళ్ళాను. చెప్పాను. నోరు మూసుకున్నాను. ఆయన పేపరు మీంచి తల కూడా ఎత్తలేదు. "ఆ గోడ మీద రాసి వెళ్ళు అమ్మాయ్, నాకు గుర్తుండదు" అన్నారు.

19 షాపుల్లో ఇద్దరు ఆపేశారు. ఒకతను మూడు వారాలకి మళ్ళీ వేయమన్నాడు, ఇంకొకతను రాలేదు. అతనికి వేసేది రోజుకి 4 కిలోలు. మిగతా షాపుల్లో పెరిగిన 4 రూపాయలు రోజుకి దాదాపు 400. ఐదు నెలలు ఎంత వదులుకున్నానో మీరే వేసుకోండి, నాకు మళ్ళీ వేయబుద్ధి కావట్లేదు.

ఒక్కోసారి ఆ మొహం మనదే అవుతుంది. ఒక షాపు బాకీ 11,400 పెరిగిపోయింది. అడగడానికి అతనంటే భయం లేదు. "నాలుగు రూపాయల కోసం పడి ఏడుస్తుంది" అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు, అంతే. దీనికి మందు ఏమిటంటే, మాటని మనిషి నుంచి తీసి రూల్‌లో పెట్టడం. అన్ని షాపులకీ ఒకే చీటీ పంపాను: నిన్నటి డబ్బు అందాకే ఈరోజు ట్రే దిగుతుంది. ఇప్పుడు ఆటో అతను కూడా మొహమాటపడక్కర్లేదు, చీటీ చూపిస్తాడు. పాత బాకీ వారానికి 500 చొప్పున వచ్చింది. చివరి 2,000 రాలేదు. ఆ పేజీకి గీత కొట్టేశాను.

అంకె తెలియని భయం

ఫుడ్ లైసెన్స్ అంటే నాకు మూడు నెలలు భయం. ఆఫీసులు, ఇన్‌స్పెక్టర్లు, లంచాలు, ఏవేవో ఊహించుకున్నాను. తీరా అడిగితే, అప్పట్లో ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారానికి కావలసింది లైసెన్స్ కూడా కాదు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్. ఫీజు ఏడాదికి 100 రూపాయలు. మూడు నెలల భయానికి వంద రూపాయల పని.

జీఎస్టీ కూడా అంతే. "టర్నోవర్ పెరిగితే పట్టుకుంటారట" అని ఎవరో అన్నారు, నేను పెంచడానికే జంకాను. ఆడిటర్ దగ్గర ఇరవై నిమిషాలు కూర్చుంటే తేలింది. సరుకు అమ్మేవాళ్ళకి ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఏప్రిల్ నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే పరిమితి ఏడాదికి 40 లక్షలు. తెలంగాణలో 20 లక్షలే ఉంచారు, హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు మా లెక్క చూసి మోసపోకండి. రాష్ట్రం దాటి సరుకు అమ్మితే ఈ పరిమితులు వర్తించవు, అది ఇంకో సంగతి. చిన్న వ్యాపారాల నమోదు, అదే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితం. దానికి డబ్బులు అడుగుతున్నారంటే మీరు వేరే సైట్‌లో ఉన్నట్టు.

రూల్స్ మారుతుంటాయి, మీరు చేసే రోజున మీ ఆడిటర్‌ని అడగండి. నేను చెప్పేది వేరే. "ఏమవుతుందో" అని ఆలోచిస్తున్నది నిజానికి ఎక్కడో ఒక అంకెగా రాసిపెట్టి ఉంటే, అది ఆలోచించే విషయం కాదు. అడిగే విషయం.

తొందరపడి పోగొట్టుకున్నది

ఇదంతా చదివి అన్నీ టకటకా చేసేయమంటున్నానని అనుకోకండి. గ్రైండర్ పాఠం నేర్చుకున్నాక నాకు కొంచెం పొగరొచ్చింది. 2021లో ఐదు వేల ప్రింటెడ్ కవర్లు వేయించాం. నమూనా ఫోన్‌కి పంపారు. ప్యాకింగ్ చేస్తూ, పిండి చేత్తో, రెండు నిమిషాలు చూసి ఓకే అన్నాను. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరులో 14 అంకెలుండాలి. మా కవరు మీద 13. తప్పు పూర్తిగా నాది, నేను పంపిన కాగితంలోనే ఒకటి ఎగిరిపోయింది. 12 వేల రూపాయలు పోయాయి. ఇప్పటికీ మా ఇంట్లో కరివేపాకు, అల్లం, మందుబిళ్ళలు, మా అబ్బాయి సైకిల్ నట్లు ఆ కవర్లలోనే ఉంటాయి.

వెనక్కి తీసుకోలేని పని, మళ్ళీ మళ్ళీ చేయని పని, ఇవి నానాలి. అచ్చు వేయించడం, షెడ్డుకి మూడేళ్ళ అగ్రిమెంట్ రాయడం, బంధువుల్ని పార్ట్‌నర్‌గా చేర్చుకోవడం, ఇల్లు తాకట్టు పెట్టడం. వీటికి గడువు తేదీ వేస్తాను గానీ కనీసం రెండు సోమవారాలు దాటనిస్తాను. ఎవరైనా "ఈరోజే చెప్పాలమ్మా, రేపైతే ఈ రేటు ఉండదు" అంటే, వద్దనే చెప్తాను. ఆ రేటు రేపూ ఉంటుంది, నేను చూశాను. కవర్లలాంటిదైతే ముందు స్టిక్కర్ల మీద ఆరు నెలలు నడపండి, ఆ తర్వాత అచ్చుకి వెళ్ళండి. నమూనాని మర్నాడు ఉదయం, ఇంకొకరితో పైకి చదివించి చూడండి.

ఎవర్ని అడగాలి, ఎప్పుడు ఆలోచించకూడదు

ఇద్దర్ని చాలు. ఆ పని ముందే చేసినవాళ్ళు ఒకరు, తప్పైతే నాతోపాటు నష్టపోయేవాళ్ళు ఒకరు. నాకు రెండోది మా ఆయన. మొదటిది మారుతుంటుంది. గ్రైండర్ గురించి నేను పదకొండు మందిని అడిగాను, అందులో తొమ్మిది మంది జీవితంలో కిలో పిండి అమ్మినవాళ్ళు కాదు. మా అత్తయ్యగారు వద్దన్నారు, మా మరిది రెండు కొనమన్నాడు. మూడో మనిషి దగ్గర్నుంచి మనం సలహా అడగట్లేదు, వాయిదా అడుగుతున్నాం.

రాత్రి తొమ్మిది దాటాక వ్యాపార నిర్ణయం గురించి మా ఇంట్లో మాట్లాడం. మూడున్నరకి లేచి ప్యాక్ చేయాలి. రాత్రిపూట ప్రతి షాపూ మనల్ని మోసం చేస్తున్నట్టే, ప్రతి ప్యాకెట్టూ తిరిగొస్తున్నట్టే ఉంటుంది. ఏదైనా మరీ తొలుస్తుంటే మంచం పక్కన క్యాలెండర్ మీద ఒక్క మాట రాసి పడుకుంటాను. "డ్రైవర్." "కవర్లు." ఉదయం ఆ మాట చూస్తే సగంసార్లు ఎందుకు రాశానో కూడా గుర్తుండదు.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, గుండె దడదడలాడుతున్నా, పనిలోకి దిగాలంటే ఏడుపొస్తున్నా, దానికి పుస్తకం, కిలోల లెక్క సరిపోవు. డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉంది, ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మా చుట్టాల్లో ఒకరు వ్యాపారం టెన్షన్ అనుకుంటూనే రెండేళ్ళు లాగారు. అందుకే రాస్తున్నాను.

నా పుస్తకంలో ఇప్పుడు తెరిచి ఉన్న పేజీ చెప్పనా? ఒక హాస్టల్ వాళ్ళు రోజుకి 40 కిలోలు అడుగుతున్నారు. డబ్బు నెలకోసారి. నెల రోజులు వేసి వాళ్ళు ఇవ్వకపోతే 1,200 కిలోలు పారబోసినట్టు, అంటే మా పదకొండు రోజుల పిండి. పెద్దదే. ఉద్యమ్ ఉన్నవాళ్ళకి 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చిన్న పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం చెప్తుంది, కానీ చట్టం చూపించి వసూలు చేసే ఓపిక నాకు లేదని నాకు తెలుసు. అందుకని కోశాను. రోజుకి 20 కిలోలు, డబ్బు పదిహేను రోజులకి, మొదటి నెల అంతే. అప్పుడు పోతే 300 కిలోలు, మూడు రోజుల పిండి లోపే. ఇది మా ఆయనా నేనూ పోయిన సోమవారమే అనుకున్నాం. ఎవరి మొహం అన్న చోట ఆ హాస్టల్ వార్డెన్ గారు అని రాసి ఉంది. ఆవిడ మా చిన్నప్పటి లెక్కల టీచర్‌లా మాట్లాడతారు.

ఈరోజుకి మూడో సోమవారం. రెండు వాక్యాలు రాసుకున్నాను. ఇప్పుడే, ఒంటిగంటకి, పప్పు నానబోశాను. ఐదింటికి గ్రైండర్‌లో వేసేలోపు ఆ ఫోన్ చేయాలి.